పాత డెస్క్‌టాప్‌లో వర్చువల్ మెమరీ ఎంత పెట్టాలి? ‘నో పేజింగ్ ఫైల్’ పెట్టించాక ప్రోగ్రాములు మూతపడుతున్నాయి

దేవరకొండ_సారు
మా ఇంట్లో ఉన్నది పాత కోర్ టూ డ్యుయో డెస్క్‌టాప్. జీ31 బోర్డు, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, 32 బిట్ విండోస్ 7. ప్రశ్నపత్రాలు అను అనే పాత (యూనికోడ్ కాని) తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కొడతాను, పక్కన బ్రౌజర్ తెరిచి ఉంటుంది, అంతకు మించి దానికి నేను పెట్టే పని లేదు. బాగా నెమ్మదించిందని ఒక దుకాణంలో చూపిస్తే, అక్కడి పిల్లవాడు వర్చువల్ మెమరీ దగ్గర (ర్యామ్ చాలనప్పుడు వాడుకోవడానికి హార్డ్ డిస్క్‌లో ఉంచే ‘పేజ్ ఫైల్’ అమరిక అది) ‘నో పేజింగ్ ఫైల్’ ఎంచి, హార్డ్ డిస్క్ మీద భారం పోయింది, ఇక పరుగెడుతుందని చెప్పి డబ్బులు తీసుకున్నాడు. మొదట కొంత చురుగ్గానే అనిపించింది. ఇప్పుడు పేజ్‌మేకర్, బ్రౌజర్ రెండూ తెరిచి ఉంటే ‘యువర్ కంప్యూటర్ ఈజ్ లో ఆన్ మెమరీ’ అనే పెట్టె వస్తోంది. ఒక్కోసారి పేజ్‌మేకర్ చెప్పాపెట్టకుండా మూతపడుతోంది. విచిత్రమేమిటంటే, అదే సమయంలో టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ ఇంకా కొంత ఖాళీగానే కనిపిస్తోంది. ఖాళీ ఉండగా చాలదనడం ఏమిటి? పేజ్ ఫైల్ అసలు పెట్టాలా వద్దా, పెడితే ఎంత, ఏ డ్రైవ్‌లో?

పాలమూరు_పోరడు
లెక్క చాలా సులభం సార్. ర్యామ్‌కు ఒకటిన్నర రెట్లు ఇనీషియల్ (మొదటి సైజు), మూడు రెట్లు మాగ్జిమమ్ (గరిష్ఠ సైజు). మీ 2 జీబీకి ఎంబీల్లో 3072, 6144 అని కొట్టి రీస్టార్ట్ చేయండి, అయిపోతుంది.

సాగర్_గేట్లు
దుకాణం పిల్లవాడు చెప్పినది సగం నిజమైనట్టే ఉంది. పేజ్‌మేకర్ పరుగెత్తింది, కాకపోతే బయటికి.

జడ్చర్ల_జంక్షన్
పోరడు ఒక ముఖ్యమైన మాట వదిలేశాడు. అంకెలు కొట్టిన తర్వాత ‘సెట్’ అనే మీట నొక్కాలి. అది నొక్కకుండా నేరుగా ఓకే కొట్టి, మార్చినా మారలేదని మా బల్ల దగ్గరికి వచ్చేవారు చాలామంది. దారి తెలియనివారి కోసం: కంప్యూటర్ గుర్తు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్, పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్, ఆ తర్వాత వర్చువల్ మెమరీ కింద చేంజ్.

గద్వాల_కోట
సార్ చివర్లో అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. ఒక ప్రోగ్రాము విండోస్‌ను 300 ఎంబీ అడిగిందనుకోండి. అది ఆ మొత్తాన్నీ వెంటనే వాడదు. కానీ ఎప్పుడు వాడినా ఇస్తానని విండోస్ ముందుగానే ఒప్పుకోవాలి. ఇలా అన్ని ప్రోగ్రాములకూ కలిపి ఒప్పుకున్న మొత్తాన్ని కమిట్ అంటారు. తన దగ్గర లేనిదాన్ని ఇస్తానని విండోస్ ఒప్పుకోదు కాబట్టి, ఒప్పుకున్న ప్రతి బైటుకూ వెనుక ర్యామ్ గానీ పేజ్ ఫైల్ గానీ పూచీగా ఉండాలి. ఆ రెండూ కలిపితే వచ్చేదే కమిట్ పరిమితి. పేజ్ ఫైల్ తీసేయగానే సార్ కంప్యూటర్‌లో ఆ పరిమితి 2 జీబీలోపునకు పడిపోయింది. బ్రౌజర్, యాంటీవైరస్, పేజ్‌మేకర్ కలిసి అంతవరకు అడిగేశాక, అవి ఇంకా ముట్టుకోని ర్యామ్ ఖాళీగా కనిపిస్తున్నా సరే, కొత్తగా అడిగినవారికి విండోస్ లేదనక తప్పదు. అలా కాదనిపించుకున్న పాత ప్రోగ్రాములకు ఏం చేయాలో తోచదు, మూతపడతాయి.

ఇంకొక సంగతి. పేజ్ ఫైల్ లేకపోతే డిస్క్ రాకపోకలు ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు, కానీ ఆగవు. ప్రోగ్రాముల ఈఎక్స్‌ఈ, డీఎల్ఎల్ ఫైళ్ల నుంచి ర్యామ్‌లోకి వచ్చిన పేజీలను (మెమరీని విండోస్ 4 కేబీ ముక్కలుగా చూస్తుంది, వాటినే పేజీలంటారు) విండోస్ అవసరాన్నిబట్టి వదిలేస్తుంది, మళ్లీ కావలసినప్పుడు ఆ ఫైళ్ల నుంచే చదువుకుంటుంది. దానికి పేజ్ ఫైల్‌తో నిమిత్తం లేదు. పొద్దున తెరిచి మరిచిపోయిన కిటికీలోని డేటా పరిస్థితి వేరు: దాన్ని దించడానికి పేజ్ ఫైల్ తప్ప వేరే చోటు లేదు. ఆ చోటు తీసేశారు కాబట్టి ఆ పనికిరాని డేటా ర్యామ్‌లోనే బైఠాయిస్తుంది, దాని బదులు మీరు ఇప్పుడు వాడుతున్న ప్రోగ్రాము కోడ్ బయటికి పోతుంది. డిస్క్ లైటు అప్పుడూ కొట్టుకుంటూనే ఉంటుంది.

ప్రస్తుతానికి జంక్షన్ గారు చెప్పిన వర్చువల్ మెమరీ కిటికీలో పైన ఉన్న ‘ఆటోమేటికల్లీ మేనేజ్’ పెట్టెలో టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. ఎంత అనేది తర్వాత కొలిచి చూద్దాం.

మిల్లు_మునీము
కోట గారితో నేను ఏకీభవించలేను. మిర్యాలగూడలో మా రైస్ మిల్లు ఆఫీసు కంప్యూటర్‌లో చాలాకాలంగా పేజ్ ఫైల్ లేదు. ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్ మూడూ పొద్దంతా తెరిచే ఉంటాయి. ధాన్యం కొనుగోళ్ల కాలంలో కూడా ఒక్క పెట్టె రాలేదు. ర్యామ్ 8 జీబీ.

సాగర్_గేట్లు
చివరి రెండు మాటలు మొదట చెప్పి ఉంటే మిగతాది చదవనవసరం ఉండేది కాదు మునీము గారూ.

గద్వాల_కోట
మునీము గారికి ఇబ్బంది రాకపోవడం సహజమే. ట్యాలీ, ఎక్సెల్, కొన్ని ట్యాబులు కలిసి 3, 4 జీబీ కమిట్ దాటడం అరుదు, మీ పరిమితి దాదాపు 8 జీబీ. సార్‌కు ఆ వెసులుబాటు లేదు. మీ టాస్క్ మేనేజర్‌లో కమిట్ అంకె ఎంతుందో చెప్పండి, మీ దగ్గర ఎందుకు నడుస్తోందో అందరికీ తెలుస్తుంది. అయితే ఒక మాట: సీ డ్రైవ్‌లో పేజ్ ఫైల్ లేకపోతే, విండోస్ కుప్పకూలి నీలి తెర వచ్చిన రోజున కారణం తెలిపే మెమరీ డంప్ మామూలుగా రాయబడదు. అప్పుడు తప్పు ర్యామ్‌దో డ్రైవర్‌దో తేల్చడానికి ఆధారం ఉండదు.

పాలమూరు_పోరడు
ఒకటిన్నర రెట్ల లెక్క నేను కల్పించినది కాదు. ఎక్స్‌పీలో విండోస్ తనంతట తానే ఇనీషియల్ ఒకటిన్నర రెట్లు, మాగ్జిమమ్ మూడు రెట్లు పెట్టుకునేది. మైక్రోసాఫ్ట్ పెట్టిన లెక్కనే కొట్టిపారేస్తే ఎలా అన్నా?

గద్వాల_కోట
ఎక్స్‌పీ వచ్చింది 2001లో. అప్పటి ఇళ్లలో ర్యామ్ 128, 256 ఎంబీ ఉండేది. అంత తక్కువలో ఒకటిన్నర రెట్లు అనేది పనికొచ్చే అంచనా. దాన్నే శాశ్వత సూత్రంగా పట్టుకుంటే లెక్క తలకిందులవుతుంది. ఒకే పని చేసే రెండు కంప్యూటర్లలో ర్యామ్ తక్కువ ఉన్నదానికి పేజ్ ఫైల్ ఎక్కువ కావాలి. ఈ సూత్రం ప్రకారం 16 జీబీ ఉన్నదానికి 24 జీబీ, 1 జీబీ ఉన్నదానికి ఒకటిన్నర జీబీ వస్తుంది. అవసరం ఎక్కువ ఉన్నచోట తక్కువ ఇస్తున్నాం. విండోస్ అంతర్నిర్మాణం మీద సాధికారంగా రాసే మార్క్ రసినోవిచ్ 2008లో చెప్పిన పద్ధతి ఇంతకంటే మేలు: మీరు మామూలుగా వాడే ప్రోగ్రాములన్నీ ఒకేసారి తెరిచి, కమిట్ అత్యధికంగా ఎంతకు చేరిందో చూడాలి, అందులోంచి ర్యామ్‌ను తీసేసి మిగిలినదాన్ని కనీస సైజుగా పెట్టాలి, దానికి రెట్టింపును గరిష్ఠంగా పెట్టాలి.

సాగర్_గేట్లు
దేవరకొండ సార్ ముందు సూత్రం ఒప్పజెప్పేటప్పుడు జాగ్రత్త తమ్మీ, రుజువు కూడా రాయమంటారు.

క్లాక్‌టవర్_డీటీపీ
కమిట్ అనే మాట చుట్టూ ఇంత అయోమయం ఉండడానికి కొంత కారణం విండోసే. ఎక్స్‌పీ టాస్క్ మేనేజర్‌లో ‘పీఎఫ్ యూసేజ్’ అని ఆకుపచ్చ కొలబద్ద ఉండేది. పేజ్ ఫైల్ అంత నిండిందని చూసినవారంతా అనుకునేవారు. నిజానికి అది చూపించినది మొత్తం కమిట్‌ను, అంటే ర్యామ్‌లో ఉన్నదాన్ని కూడా కలిపి. విండోస్ 7కు వచ్చాక దానికి కమిట్ అనే పేరు పెట్టారు.

నాకు నల్లగొండలో డీటీపీ పని. మా దగ్గర మెమరీ పెట్టె వచ్చేది ఎక్కువగా ఫోటోషాప్ వల్ల, కాబట్టి ఆ పని చేసేవారు ఒక తేడా గమనించాలి. ఫోటోషాప్‌కు విండోస్ పేజ్ ఫైల్‌తో సంబంధం లేని సొంత ఫైల్ ఒకటి ఉంటుంది, దాన్ని స్క్రాచ్ డిస్క్ అంటారు. ‘స్క్రాచ్ డిస్క్స్ ఆర్ ఫుల్’ అని వస్తే పేజ్ ఫైల్ ఎంత పెంచినా ఫలితం ఉండదు. ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లోకి పోయి స్క్రాచ్‌ను ఖాళీ ఎక్కువగా ఉన్న డ్రైవ్‌కు మార్చాలి. ఇక 8 అడుగులు వెడల్పు, 6 అడుగులు ఎత్తు ఉన్న ఫ్లెక్సీని 300 రెజల్యూషన్‌లో, సీఎంవైకేలో తెరిచేవారికి ఒక లెక్క చెబుతాను. వెడల్పు 28,800 పిక్సెళ్లు, ఎత్తు 21,600 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 4 బైట్లు. ఒక్క లేయరుకే 2.3 జీబీ దాటిపోతుంది. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 72 చాలు; అప్పుడు అదే బొమ్మ 140 ఎంబీకి అటూ ఇటూగా ఉంటుంది. పెళ్లి ఫ్లెక్సీలో మేనమామ ఫోటో 300లో ఉండాలని పట్టుబట్టే గిరాకీలు ఉంటారు, వారికి వర్చువల్ మెమరీ సంగతి చెప్పి ప్రయోజనం లేదు.

జడ్చర్ల_జంక్షన్
సార్ అడిగిన ‘ఏ డ్రైవ్‌లో’ అనే ప్రశ్న మిగిలిపోయింది. పేజ్ ఫైల్‌ను సీ నుంచి డీకి మార్చితే వేగం పెరుగుతుందని ఎవరైనా చెబితే, ఆ సీ, డీ రెండూ ఒకే హార్డ్ డిస్క్ ముక్కలా, వేర్వేరు డిస్కులా అని ముందు అడగండి. ఒకే డిస్క్‌ను రెండు భాగాలు చేసి ఉంటే మార్చడం దండగ. చదివే హెడ్ ఒక్కటే కాబట్టి, విండోస్ ఫైళ్ల కోసం ఒక అంచుకు, పేజ్ ఫైల్ కోసం ఇంకొక అంచుకు తిరగవలసి వచ్చి ఇంకా ఆలస్యమవుతుంది. విడిగా రెండో డిస్క్ ఉండి, అది మొదటిదానికంటే నెమ్మదైనది కాకపోతే మాత్రం మార్చడం వల్ల లాభం ఉంటుంది. సార్‌కు ఒకటే డిస్క్ కాబట్టి సీలోనే ఉండనివ్వడం మంచిది.

అచ్చంపేట_గాలి
ఇనీషియల్, మాగ్జిమమ్ రెండూ ఒకే అంకె పెట్టాలని ఒకచోట చదివాను. అలా పెడితే ఫైల్ ముక్కలు కాదట. నిజమేనా?

గద్వాల_కోట
హార్డ్ డిస్క్ విషయంలో ఆ మాటలో కొంత నిజముంది. ఫైల్ పెరిగేటప్పుడు కొత్త భాగం డిస్క్‌లో వేరేచోట పడవచ్చు. కానీ అలా పెరిగిన భాగాన్ని విండోస్ తర్వాత రీస్టార్ట్‌లో వదిలేస్తుంది, కాబట్టి నష్టం తాత్కాలికమే. రెండూ ఒకటే చేస్తే అవసరం వచ్చిన రోజున పెరగడానికి చోటుండదు, మళ్లీ సార్‌కు వచ్చిన పెట్టే వస్తుంది. నా అభిప్రాయం ఏమిటంటే, ఇనీషియల్‌ను మామూలు రోజు అవసరానికి సరిపడా పెట్టి, మాగ్జిమమ్‌ను దానికంటే పెద్దదిగా ఉంచాలి.

పాలమూరు_పోరడు
ర్యామ్‌ను ఖాళీ చేసే బూస్టర్ ప్రోగ్రాములు ఉంటాయి కదా, వాటి సంగతేమిటి? అవి నొక్కగానే 600 ఎంబీ ఖాళీ అయినట్టు చూపిస్తాయి.

గద్వాల_కోట
ఆ 600 ఎంబీ ఎక్కడికి పోయిందని అడగండి. అది చేసే పని నడుస్తున్న ప్రోగ్రాముల పేజీలను బలవంతంగా ర్యామ్ నుంచి తోసేయడం. మీరు మళ్లీ ఆ కిటికీ నొక్కగానే చాలా పేజీలను డిస్క్ నుంచి తిరిగి తెచ్చుకోవాలి. ర్యామ్‌లో ఒక చోటును చేరడానికి పట్టే సమయం సుమారు 100 నానోసెకన్లు. హార్డ్ డిస్క్‌లో హెడ్ కదిలి, పళ్లెం తిరిగి, ఆ 4 కేబీ పేజీ చేతికి రావడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. తేడా లక్ష రెట్లు. ఖాళీ అంకె చూసుకోవడానికి తప్ప ఆ ప్రోగ్రాముతో ఇంకో లాభం లేదు.

దేవరకొండ_సారు
కోట గారు చెప్పినట్టు టిక్ పెట్టి రీస్టార్ట్ చేశాను. మెమరీ పెట్టె మళ్లీ రాలేదు, పేజ్‌మేకర్ మూతపడలేదు. నెమ్మదితనం మాత్రం అలాగే ఉంది. బ్రౌజర్ నుంచి పేజ్‌మేకర్‌కు మారిన ప్రతిసారీ డిస్క్ గరగరలాడుతూ తెర కొంతసేపు బిగుసుకుపోతుంది. కొలవమన్నారు కాబట్టి ఏం చూడాలో, ఎక్కడ చూడాలో చెప్పగలరు.

గద్వాల_కోట
విండోస్ 7 టాస్క్ మేనేజర్ ఇప్పటి కమిట్‌ను చూపిస్తుంది కానీ అత్యధికంగా ఎంతకు పోయిందో చూపించదు. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్‌లో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అందులో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే కమిట్ ఛార్జ్ కింద పీక్ అనే అంకె ఉంటుంది. అన్నీ తెరిచి ఒక ప్రశ్నపత్రం పూర్తిగా కొట్టి, ప్రింటు ఇచ్చి, ఆ తర్వాత ఆ అంకె చూడండి. రెండోది రిసోర్స్ మానిటర్. అందులో మెమరీ విభాగంలో ‘హార్డ్ ఫాల్ట్స్’ అనే నిలువు వరుస ఉంటుంది, పేజీల కోసం సెకనుకు ఎన్నిసార్లు డిస్క్ దగ్గరికి పోవలసి వచ్చిందో అది చెబుతుంది. ప్రోగ్రాము తెరిచేటప్పుడు అది ఎగిరి దిగడం మామూలే. ఏమీ తెరవకుండా, రెండు కిటికీల మధ్య మారుతున్నప్పుడు కూడా వందల్లో నిలబడి ఉంటే మాత్రం ర్యామ్ చాలడం లేదని అర్థం.

కల్వకుర్తి_పెంగ్విన్
ఇంత తంటా పడేకంటే లినక్స్ వేసుకోవచ్చు కదా? విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది. క్రోమ్ కూడా విండోస్ 7కు 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. కోర్ టూ డ్యుయో 64 బిట్ ప్రాసెసర్ కాబట్టి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న లినక్స్ మింట్ దాని మీద నడుస్తుంది. జెడ్‌ర్యామ్ అని ఒక సదుపాయం ఉంది. అది పేజీలను డిస్క్ మీదికి పంపకుండా ర్యామ్‌లోనే కుదించి దాచుతుంది. 2 జీబీ ఉన్నచోట దాని విలువ తెలుస్తుంది. స్వాప్‌ను (లినక్స్‌లో పేజ్ ఫైల్ లాంటిది) ఎంత తొందరగా వాడాలో చెప్పే స్వాపీనెస్ అంకె మామూలుగా 60 ఉంటుంది, దాన్ని కూడా మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు.

క్లాక్‌టవర్_డీటీపీ
అను ఫాంట్లు, పేజ్‌మేకర్ లినక్స్‌లో ఎవరు నడిపిస్తారు? పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, అది 2001 నాటిది. సార్ దగ్గర ఏళ్ల తరబడి కొట్టిన ప్రశ్నపత్రాలు ఆ ఫాంట్లలో ఉంటాయి. వాటిని యూనికోడ్‌కు మార్చితే ఒత్తులు ఎక్కడెక్కడ తప్పాయో అక్షరమక్షరం సరిచూసుకోవాలి. వర్చువల్ మెమరీ అడిగిన మనిషికి ఇల్లు మారమని చెప్పకండి పెంగ్విన్ గారూ.

కల్వకుర్తి_పెంగ్విన్
అను ఫాంట్ల విషయం ఒప్పుకుంటాను. కానీ మద్దతు లేని విండోస్‌లో ఇంటర్నెట్ తెరవడం, అందులో బ్యాంకు పని చేయడం సరికాదనే మాట వెనక్కి తీసుకోను. పేజ్‌మేకర్‌ను ఇంటర్నెట్ లేని విండోస్‌లో, బ్రౌజర్‌ను లినక్స్‌లో పెట్టుకుంటే రెండూ ఒకేసారి తెరిచే బాధ ఉండదు, మెమరీ గొడవా ఉండదు.

వనపర్తి_విద్యార్థిని
మా నాన్నగారి లాప్‌టాప్ విషయం కూడా ఇక్కడే అడుగుతున్నాను. 4 జీబీ ర్యామ్, విండోస్ 10, 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్. తెరవగానే చాలాసేపు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంది. ఎస్ఎస్‌డీ వేయిద్దామనుకుంటున్నాం. పేజ్ ఫైల్‌ను ఎస్ఎస్‌డీలో పెడితే అది తొందరగా అరిగిపోతుందని కాలేజీలో సీనియర్లు అంటున్నారు. అప్పుడు పేజ్ ఫైల్‌ను పాత హార్డ్ డిస్క్‌లోనే ఉంచాలా?

మిల్లు_మునీము
అరిగిపోవడం నిజమే అమ్మా. ఎస్ఎస్‌డీకి రాతలు పరిమితం. నేనైతే పెట్టను.

గద్వాల_కోట
రాతలకు పరిమితి ఉందన్నంతవరకు మునీము గారి మాట సరైనదే. పేజ్ ఫైల్ ఎంత రాస్తుందన్నది చూడాలి. విండోస్ 7 వచ్చిన 2009లో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు తాము సేకరించిన కొలతలు ప్రకటించారు: పేజ్ ఫైల్‌లో ఒక రాతకు సుమారు 40 చదువులు ఉంటాయి, ఆ చదువుల్లో ఎక్కువ భాగం చిన్న చిన్న ముక్కలు. హార్డ్ డిస్క్ తడబడేదీ, ఎస్ఎస్‌డీ అలవోకగా చేసేదీ అదే పని. ఎస్ఎస్‌డీలో పెట్టదగిన ఫైల్ ఏదైనా ఉంటే అది పేజ్ ఫైలేనని వారు తేల్చారు. రోజుకు 10 జీబీ పేజ్ ఫైల్ రాతలు పడతాయని ఎక్కువగానే వేసుకున్నా ఏడాదికి 3.65 టీబీ అవుతుంది. కొనేటప్పుడు ఆ ఎస్ఎస్‌డీ వివరాల్లో టీబీడబ్ల్యూ అనే అంకె (మొత్తం మీద ఎన్ని టీబీలు రాయవచ్చో చెప్పేది) ఎంతుందో చూసి పోల్చుకోండి, భయం దానంతట అదే తగ్గుతుంది. పేజ్ ఫైల్‌ను పాత హార్డ్ డిస్క్‌లో వదిలేస్తే ఎస్ఎస్‌డీకి పెట్టిన డబ్బులో కొంత మీరే వృథా చేసినట్టు.

విండోస్ 10 పేజీలను ముందుగా ర్యామ్‌లోనే కుదించి ఉంచుతుంది, ఆ తర్వాతే పేజ్ ఫైల్ వైపు చూస్తుంది. కాబట్టి సైజును సిస్టమ్‌కే వదిలేయండి. అయితే సీ డ్రైవ్‌లో ఖాళీ ఉండాలి. డ్రైవ్ నిండిపోయి ఉంటే, పెరగడానికి అనుమతి ఉన్నా పేజ్ ఫైల్ పెరగలేదు.

వనపర్తి_విద్యార్థిని
సీ డ్రైవ్‌లో ఖాళీ తక్కువే. హైబర్‌ఫిల్ అనే పెద్ద ఫైల్ కూడా ఒకటి కనిపిస్తోంది. అది కూడా వర్చువల్ మెమరీయేనా, తీసేయవచ్చా?

జడ్చర్ల_జంక్షన్
కాదమ్మా, అది హైబర్నేట్ కోసం. ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీద రాసి, కరెంటు పూర్తిగా ఆపేయడానికి వాడుకుంటుంది. ఆ సదుపాయం వాడకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’, ఆ పక్కన ‘హైఫన్ హెచ్’, ‘ఆఫ్’ అని ఆంగ్లంలో కొడితే ఆ ఫైల్ పోతుంది. దాంతో పాటు విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, ఎస్ఎస్‌డీ వేశాక దాని లోటు పెద్దగా తెలియదు. ఆ ఫైల్‌ను, పేజ్ ఫైల్‌ను మాత్రం నేరుగా డిలీట్ చేయాలని చూడకండి.

అచ్చంపేట_గాలి
ఎండాకాలం సాయంత్రం గాలి లేచిందంటే మా దగ్గర కరెంటు పోతుంది. అలా పోయినప్పుడు పేజ్ ఫైల్ పాడవుతుందా?

గద్వాల_కోట
పేజ్ ఫైల్‌లో ఉన్నదంతా ఆ పూటకే పనికొస్తుంది. మళ్లీ స్విచ్ వేసినప్పుడు విండోస్ పాత పేజీలను వాడుకోదు. కరెంటు పోయినప్పుడు దెబ్బతినేది మీరు సేవ్ చేయని ఫైలు, రాస్తూ రాస్తూ ఆగిపోయిన డిస్క్. యూపీఎస్ కొనడానికి కారణాలు చాలా ఉన్నాయి, పేజ్ ఫైల్ వాటిలో లేదు.

దేవరకొండ_సారు
కొలిచాను. పేజ్‌మేకర్, బ్రౌజర్, వర్డ్ తెరిచి, ప్రింటు కూడా ఇచ్చాక పీక్ కమిట్ 2.9 జీబీ చూపించింది. హార్డ్ ఫాల్ట్స్ వరుస కిటికీ మారినప్పుడల్లా మూడు, నాలుగు వందల దగ్గర నిలబడుతోంది. రసినోవిచ్ లెక్క ప్రకారం 2.9లోంచి 2 తీసేస్తే 0.9 జీబీ కనిష్ఠం, 1.8 గరిష్ఠం వస్తుంది. పోరడి లెక్కకూ దీనికీ చాలా దూరం ఉంది. ఏది పెట్టమంటారు?

పాలమూరు_పోరడు
320 జీబీ డిస్క్‌లో 3 జీబీ పోతే నష్టమేమిటి సార్? ఎక్కువ పెడితే నెమ్మదించదు కదా.

గద్వాల_కోట
ఈ మాట పోరడు సరిగ్గా చెప్పాడు. పేజ్ ఫైల్ పెద్దదైనంత మాత్రాన కంప్యూటర్ నెమ్మదించదు, వేగమూ పెరగదు. మీ డిస్క్‌లో చోటుకు కరువు లేదు కాబట్టి 2048 ఇనీషియల్, 4096 మాగ్జిమమ్ పెట్టండి, లేదా ఇప్పుడున్నట్టు సిస్టమ్‌కే వదిలేయండి. మీ హార్డ్ ఫాల్ట్స్ అంకె చెబుతున్నది వేరే విషయం. 2.9 జీబీ పనిని 2 జీబీ ర్యామ్‌తో చేయిస్తున్నారు. ఇందులో ఏ అంకె మార్చినా ఆ గరగర తగ్గదు, ర్యామ్ పెంచాలి.

జడ్చర్ల_జంక్షన్
జీ31 బోర్డు కాబట్టి గరిష్ఠం 4 జీబీ. రెండు స్లాట్లలో 2 జీబీ డీడీఆర్2 స్టిక్కులు రెండు పెట్టాలి. సార్ దగ్గర ఇప్పుడు రెండు 1 జీబీ స్టిక్కులు ఉన్నాయో, ఒకే 2 జీబీ ఉందో మూత తీసి చూడండి. ఒకటే ఉంటే ఇంకొక 2 జీబీ కొంటే చాలు. కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. డీడీఆర్2, డీడీఆర్3 గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, దూరదు కదా అని బలవంతంగా నొక్కకండి. ఆన్‌లైన్‌లో 4 జీబీ డీడీఆర్2 ఒకే స్టిక్కుగా చౌకగా కనిపిస్తుంది, దాని కింద చిన్న అక్షరాల్లో ఏఎండీ బోర్డులకు మాత్రమే అని ఉంటుంది. అది మీ ఇంటెల్ బోర్డులో పనిచేయదు. కొత్త డీడీఆర్2 దొరకడం కష్టం, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో పాతవి దొరుకుతాయి, అక్కడే పెట్టి చూపించమని అడగండి. ఇంటికి తెచ్చాక కంప్యూటర్ ఆన్ అయి తెర రాకపోతే కంగారుపడకండి. స్టిక్కు తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టండి. స్లాటు చివర క్లిప్పు దానంతట అదే పట్టుకున్న చప్పుడు వినిపించాలి.

32 బిట్ విండోస్ కాబట్టి 4 జీబీ పెట్టినా మూడు, మూడున్నర జీబీ మధ్యలోనే చూపిస్తుంది. మోసం జరిగిందని అమ్మినవాడితో గొడవ పడకండి. 2.9 జీబీ పనికి అది సరిపోతుంది.

క్లాక్‌టవర్_డీటీపీ
ర్యామ్‌తో పాటు చిన్న ఎస్ఎస్‌డీ కూడా వేయించవచ్చు. జీ31 బోర్డుల్లో చాలావాటికి బయాస్‌లో ఏహెచ్‌సీఐ (డిస్క్‌తో మాట్లాడే కొత్త పద్ధతి) అనే ఎంపికే ఉండదు, అయినా పాత పద్ధతైన ఐడీఈ మోడ్‌లో ఎస్ఎస్‌డీ పనిచేస్తుంది. పూర్తి వేగం రాకపోయినా హెడ్ తిరిగే ఆలస్యం పోతుంది, మనకు కావలసినది అదే. ఏహెచ్‌సీఐ ఉన్న బోర్డుల వారు విండోస్ 7 వేసిన తర్వాత బయాస్‌లో దాన్ని ఊరికే మార్చకండి, డ్రైవర్ ముందుగా సిద్ధం చేయకపోతే నీలి తెర వచ్చి కూర్చుంటుంది.

సాగర్_గేట్లు
పెన్‌డ్రైవ్ గుచ్చి రెడీబూస్ట్ పెడితే ర్యామ్ పెరుగుతుందని మా బావమరిది అంటున్నాడు. ఇది జోకు కాదు, నిజంగానే అడుగుతున్నాను.

గద్వాల_కోట
ర్యామ్ పెరగదు, కమిట్ పరిమితీ పెరగదు. విస్టాతో వచ్చిన ఆ సదుపాయం డిస్క్‌లో ఉన్న చిన్న ముక్కలకు పెన్‌డ్రైవ్‌లో నకలు ఉంచుతుంది. హార్డ్ డిస్క్, తక్కువ ర్యామ్ ఉన్నచోట కొద్దిగా ఉపయోగపడవచ్చు. ఎస్ఎస్‌డీ ఉంటే అవసరమే లేదు.

దేవరకొండ_సారు
మూత తీసి చూశాను, ఒకే 2 జీబీ స్టిక్కు ఉంది, రెండో స్లాటు ఖాళీ. సీటీసీకి పోయే పని ఉన్నప్పుడు ఇంకొకటి తెస్తాను. అంతవరకు 2048, 4096 పెట్టుకున్నాను, ‘సెట్’ మీట కూడా నొక్కాను.

మిల్లు_మునీము
కోట గారు అడిగిన అంకె ఇప్పుడు చూశాను. 3.4 జీబీ కమిట్, పరిమితి 7.9. నాకు పేజ్ ఫైల్ అవసరం లేదని ఇదే చెబుతోంది కదా?

గద్వాల_కోట
ఈ అంకెతో పరిమితి విషయంలో మీకు ఇబ్బంది లేదు, ఒప్పుకుంటున్నాను. అయినా సీలో 1 జీబీ పెట్టుకుంటే నీలి తెర వచ్చినప్పుడు కనీసం చిన్న డంప్ అయినా మిగులుతుంది. 1 జీబీ చోటుకు మీ మిల్లులో అంత కరువా?

మిల్లు_మునీము
చోటుకు కరువు లేదు. నీలి తెర వచ్చినప్పుడు పెడతాను.

జడ్చర్ల_జంక్షన్
అది వచ్చిన తర్వాత పెడితే, దాన్ని చూడడానికి ఇంకోసారి రావాలి కదా మునీము గారూ.